గంటకు దణ్ణం పెట్టే కార్ఖానా

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళందరూ సముద్రం గురించి చెబుతారు. నేనూ సముద్రం చూశాను. ఉప్పగానే ఉంది. కానీ నేను వెళ్ళింది దాని కోసం కాదు, ఒక ఇత్తడి గంట కోసం. ఆ గంట పనిచేస్తుంటే నా కుర్చీ పోతుంది. పనిచేయకపోతే నా కుర్చీ నాకుంటుంది. ఇంత నిష్ఠగా నేను తిరుపతి కూడా వెళ్ళలేదు.

కుర్చీ సంగతి

నేను బెజవాడ ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాను. వడ్రంగులు, రేకు పనివాళ్ళు, రంగులేసేవాళ్ళు అందరూ కలిసి బస్సు తయారుచేశాక చివర్న నేను సుద్దముక్క పట్టుకుని వస్తాను. ఎక్కడ మేకు బయటికొచ్చింది, ఎక్కడ కిటికీ బిగుసుకుపోయింది అని వెతికి సున్నాలు చుడతాను. క్లుప్తంగా చెప్పాలంటే తప్పులు పట్టడానికి నాకు జీతమిస్తారు. ఇంట్లో మా ఆవిడ ఆ పని ఉచితంగా చేస్తుంది.

షెడ్డులో అందరూ నిలబడి పనిచేస్తే కుర్చీ ఉన్నది నా ఒక్కడికే. చేతులున్న టేకు కుర్చీ. ఒక కాలు కొంచెం పొట్టి. దాని కింద అట్టముక్క మడిచి పెట్టుకుని ఏళ్ళ తరబడి దర్జాగా కూర్చున్నాను. 

అంతలో మా ప్రొప్రయిటరు గారు మద్రాసులో జపాను కార్ఖానాల గురించి ఏదో మీటింగు జరిగితే వెళ్ళొచ్చారు. వచ్చినప్పటి నుంచీ ఆయన మునుపటి మనిషి కాదు. కాఫీలో చక్కెర మానేశారు. పనివాళ్ళని ‘ఒరేయ్’ అనడం కూడా మానేశారు, కాకపోతే అది వారం రోజులే. జపానులో తప్పులు పట్టడానికి వేరే మనిషి ఉండడట. ఎవడి పని వాడే చూసుకుంటాడట. తప్పు కనిపిస్తే ఎంత చిన్న పనివాడైనా తాడు లాగి కార్ఖానా మొత్తం ఆపేస్తాడట. ఆపినందుకు వాణ్ణి ఎవరూ తిట్టరట. ఎందుకు జరిగిందని అయిదుసార్లు అడిగి, తప్పు తాలూకు వేరు దొరికేదాకా తవ్వుతారట. అలా ప్రతిరోజూ నిన్నటికంటే కొంచెం మెరుగవుతారట.

“మరి చివర్లో చూసే మనిషో?” అని అడిగాను.

“ఉండడు” అన్నారు, నా కుర్చీ వంక చూస్తూ. “వైజాగ్ పక్కన మనలాంటి చిన్న కార్ఖానాలోనే పెట్టారట. తాడు బదులు గంట కట్టారట. నువ్వెళ్ళి చూసి రా. పనిచేస్తుంటే మనమూ పెడదాం.”

కత్తి పదును ఎలా ఉందో చూసి రమ్మని మేకను పంపినట్టుంది.

అనకాపల్లి దాటేలోపు

రైల్లో నా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో బుట్ట, బుట్టలో బెల్లం అచ్చులు, నోటి నిండా ప్రశ్నలు. మా వైపు పరాయివాళ్ళని ముందు ఊరు అడుగుతాం, తర్వాత కులం వాసన పడతాం, ఆ తర్వాత మెల్లిగా జీతం దగ్గరికి వస్తాం. ఆవిడ తిన్నగా జీతంతో మొదలుపెట్టింది.

“ఎంతొస్తాది బాబూ? ఏటి పని సేత్తావు?”

“ఇతరులు చేసిన పనిలో తప్పులు పడతానమ్మా.”

“ఓలమ్మ! అయితే మా అత్తలాటోడివే” అని పెట్టె అంతా వినబడేలా నవ్వి, బెల్లం ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. “తిను. ఇందల ఏ తప్పూ దొరకదు నీకు.”

నిజంగానే దొరకలేదు. ఆ బెల్లం ముందు మా ఉయ్యూరు బెల్లం కొంచెం తగ్గుతుంది. ఈ మాట నేనన్నానని మా ఊళ్ళో చెప్పకండి.

పాతపట్నంలో ఒక కర్ర

దిగింది వైజాగ్ పాతపట్నంలో, ఖాదర్ సాహెబు గారి లాడ్జిలో. ఆయన తాళంచెవితో పాటు బారెడు కర్ర కూడా చేతికిచ్చారు. ఎలుకలున్నాయేమో అనుకున్నాను.

“ఇదెందుకండీ?”

“ఫ్యాన్‌కి సాబ్. సిచ్చి ఎయ్యండి, కర్రతో ఒక్కసారి తొయ్యండి. ఇంక అదే తిరుగుతాది. మా ఫ్యాన్‌కి కొంచెం సిగ్గు.”

“బాగు చేయించకూడదా?”

సాహెబు గారు నన్ను జాలిగా చూశారు. “కర్ర ఉంది గదా సాబ్!”

నాకాయన ఎంత నచ్చారో చెప్పలేను. గది గదికీ ఒక కర్ర, కర్రకు గది నంబరు. ఈ దేశంలో ఇలాంటివారు ఉన్నంతకాలం జపానువాళ్ళు నా కుర్చీని ఏమీ చేయలేరని ధైర్యం వచ్చింది. పొద్దున్నే ఆయన పెట్టించిన రొట్టె, ఖీమా మాత్రం అమోఘం. ఇడ్లీ తప్ప ఉదయం వేళ మరొకటి ముట్టని బెజవాడ కడుపు నాది, రెండోసారి అడిగి మరీ తిన్నాను.

కూర్మన్నపాలెం

అటువైపు ఉక్కు కర్మాగారం కడుతున్నారు. రోడ్డంతా లారీలు, వాన పడితే బురద, పడకపోతే దుమ్ము. ఉక్కు ఇంకా రాలేదు గానీ ‘స్టీలు టిఫిన్లు’, ‘స్టీలు క్షౌరశాల’ ముందే వచ్చేశాయి. నిన్నమొన్నటిదాకా పొలాల్లో ఉన్న మనుషులు ఇప్పుడు తలకి టోపీ, చేతికి క్యారేజీతో సైకిళ్ళ మీద పోతున్నారు.

నేను చూడాల్సిన కార్ఖానా ఆ రోడ్డు పక్కనే. అక్కడ ఇనుప టబ్బులు చేస్తారు. మనిషి నడుం లోతుంటాయి. వాటిలో సరుకు నింపి, రెండు చెవులకి కొక్కేలు తగిలించి క్రేనుతో పైకి లేపుతారు. ఫోర్‌మన్ అప్పారావు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. సన్నగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టుండే మనిషి. జపాను పద్ధతి తెచ్చింది ఇతనే. యజమాని నాయుడుగారిని ఒప్పించడానికి ఏడాది పట్టిందట.

షెడ్డు మధ్యలో గంట వేలాడుతోంది. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కింద నిన్నటి కొబ్బరిచిప్ప. పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, చెప్పులు విప్పారు, టంగుమని కొట్టారు, కళ్ళకద్దుకున్నారు, పనిలోకి వెళ్ళారు. ఆఖరున అప్పారావు కూడా కొట్టాడు.

“ఇది తప్పు కనిపించినప్పుడు కొట్టే గంట కదండీ?”

అప్పారావు తల గోక్కున్నాడు. “అవునండి. కట్టినప్పుడు అలగే సెప్పినాను. నెల్లాళ్ళు ఎవుడూ ముట్టనేదు. దసరాకి మిషన్లన్నిటికీ బొట్లెడతన్నారు గదా, లేతుకెట్టినారు, డ్రిల్లింగుకెట్టినారు, దీనికీ ఎట్టీసినారు. ఆ మర్నాటి నుంచి కొట్టడం మానితే ఒట్టు.”

“మరి తప్పు కనిపిస్తేనో?”

“అప్పుడు మాత్రం దగ్గిరికెల్లరండి. తప్పు సేసిన సేత్తో గంట ముట్టుకుంటే పాపం గదేటి అంటన్నారు.”

నేను మొహం గంభీరంగా పెట్టుకుని తలూపాను గానీ లోపల పండగ. మా ప్రొప్రయిటరు గారికి చెప్పాల్సిన వాక్యం అక్కడికక్కడే తయారైపోయింది: సార్, అది కార్ఖానా కాదు, గుడి.

మూడో ఎందుకు దగ్గర టీ

గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు: ‘ఎవరు అని అడగరాదు. ఎందుకు అని అడగవలెను.’ మధ్యాహ్నం దాని కింద పనివాళ్ళంతా టబ్బులు బోర్లించి వాటి మీద చుట్టూ కూర్చున్నారు. వారానికోసారి ఇలా కూర్చుని పనిలో ఏదో ఒకటి మెరుగుచేసుకోవాలని అప్పారావు ఏర్పాటు. ఆ రోజు చర్చ, డ్రిల్లింగు మిషను దగ్గర మనుషులు జారిపడుతున్నారని.

అందరికంటే పెద్ద టబ్బు మీద కూర్చున్నవాడు సింహాచలం, వెల్డరు. మీసం ముందు, మనిషి వెనక. పరిచయం చేస్తే నాకు దణ్ణం పెట్టలేదు, తన గురించి చెప్పాడు. “గాజువాక నుంచి అనకాపల్లి దాకా ఎతకండి. నా సేతి వెల్డింగు ఊడిందన్నోడు కనిపిత్తే మీసం తీయించీసుకుంటాను.”

అప్పారావు మొదలుపెట్టాడు. “ఎందుకు జారతన్నారు?”

“నేల తడండి.”

“ఎందుకు తడి?”

“మంచినీల కుండ కారతందండి.”

“కారీ కుండ ఎందుకు మార్చనేదు?”

అందరూ ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. చివరికి సింహాచలమే గొంతు తగ్గించి అన్నాడు. “కుండలు కొనీది నాయుడుగారి బావమరిది గదా బావా.”

తర్వాత తెలిసింది. కుండల నుంచి వెల్డింగు రాడ్ల దాకా అన్నీ కొనేది, గొడౌను చూసుకునేది ఆ బావమరిదేనట. సరిగ్గా అప్పుడు టీ కొట్టు మనిషి వచ్చాడు. అందరూ ప్రాణం లేచొచ్చినట్టు గ్లాసుల మీద పడ్డారు. ‘మూడో ఎందుకు దగ్గర ఎప్పుడూ టీ వచ్చీసుద్దండి’ అన్నాడు అప్పారావు నా చెవిలో, దిగులుగా. కుండ కింద గోనెపట్టా పరచాలని తీర్మానించి సభ ముగించారు. ఖాదర్ సాహెబు గారి కర్ర గుర్తొచ్చింది నాకు. టీ బాగుంది, అల్లం వేశారు.

జాలరిపేటలో పెళ్ళిచూపులు

శుక్రవారం సాయంత్రం అప్పారావు నన్ను భోజనానికి పిలిచి, చేపలు కొనడానికి జాలరిపేట తీసుకెళ్ళాడు. పడవలు ఒడ్డుకు లాగుతున్నారు. ఆడవాళ్ళు బుట్టలు దించి గొంతులెత్తారు. మా కృష్ణలో చేప ప్రాణంతో ఉంటేనే కొంటాం. ఇక్కడ సముద్రపు చేప అంత మర్యాదగా బతికి ఉండదు కాబట్టి నేను నా వృత్తి చూపించాను. ఒక వంజరాన్ని మొప్పలెత్తి చూశాను, నొక్కాను, తిప్పాను, కళ్ళలోకి తేరిపార చూశాను, వాసన చూశాను. అమ్మే పోలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇదంతా గమనించింది.

“ఏటి బాబూ, పెల్లిసూపులేటి? పాట కూడా పాడించమంతావా?”

పక్క బుట్టలవాళ్ళందరూ నవ్వారు. నవ్వులోంచి తప్పించుకుందామని రెండడుగులు వెనక్కి వేశాను. అల వచ్చి నా ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. పోలమ్మకి ఆ చేప ధర తగ్గించాల్సిన అవసరం ఇంక కనిపించలేదు. అడిగినంతా ఇచ్చి ఒంటి చెప్పుతో గోపాలపట్నంలో అప్పారావు ఇల్లు చేరాను.

అప్పారావు భార్య ఆ చేపని చింతపండు పులుసులో పెట్టింది. మా వాళ్ళ పులుసుకంటే పలచన, కారం మాత్రం రెట్టింపు. కళ్ళు తుడుచుకుంటూ తింటుంటే అప్పారావు అన్నాడు. “రేపు టబ్బులు లారీకెక్కుతాయండి. అవి ఎల్లిపోతే గంట తీసి రామాలయానికిచ్చీమన్నారు నాయుడుగారు. మనోల్లు జపానోల్లు కారురా అంటన్నారు. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి అది సరిగ్గా మోగితే సాలు అనుకున్నాను. మోగనేదు.” నా విస్తట్లో ఇంకో ముక్క వేస్తూ అడిగాడు. “ఇంతకీ మీ ప్రొప్రయిటరు గారికి ఏటని సెప్తారు?”

నేను ముల్లు తీసుకుంటున్నట్టు నటించాను. ఆ మనిషి నాకు నచ్చాడు. అతని అన్నం తింటూ, అతని గంట రేపటికి గుడికి పోతుందని సంతోషించడం నాకే రోతగా అనిపించింది. కానీ సంతోషం పోలేదు. కుర్చీ అలాంటిది.

శనివారం

టబ్బులన్నీ ఆకుపచ్చ రంగేసుకుని వరసగా నిలబడ్డాయి. సరుకు తీసుకోవడానికి ఒక కాంట్రాక్టరు గారి ఇంజనీరు వచ్చాడు. నాయుడుగారు పట్టు కండువాతో వచ్చారు. రాహుకాలం రాకముందే లారీ కదలాలి. కొబ్బరికాయ, కర్పూరం సిద్ధం.

సింహాచలం గుడ్డతో ఆఖరి టబ్బు తుడుస్తూ, మధ్యలో ఆగిపోయాడు. చెవి అతికిన చోట గోటితో రంగు గీకాడు. నేను అతని వెనకే ఉన్నాను. నా కళ్ళకి ఇలాంటివి కనిపించడానికే జీతమిస్తారు కదా, కనిపించింది. వెల్డింగు పొడుగునా సన్నటి నెర్రె, తలవెంట్రుక పాటిది. దాంతో క్రేనుకెక్కితే ఆ చెవి ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. కింద ఎవరో ఒకరు ఉంటారు.

సింహాచలం తల తిప్పి నన్ను చూశాడు. నేను లారీ వంక చూశాను. వీడు మాట్లాడకపోతే జపాను పద్ధతి చచ్చినట్టే, నా కుర్చీ బతికినట్టే. ఈ మీసంవాడు తన తప్పు తానే చెప్పుకోవడం కల్ల. లారీ కదిలే ముందు ఇంజనీరుకి చెవిలో చెబుదామనుకున్నాను. అనుకున్నాను అంతే, కాళ్ళు కదలలేదు.

కదిలింది సింహాచలం. గబగబా వెళ్ళి గంట పట్టుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ కాదు, హారతికి వాయించినట్టు వాయించాడు.

షెడ్డు షెడ్డంతా చెప్పులు విప్పేసింది. గ్రైండింగు ఆగింది. అందరూ కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. నాయుడుగారు కండువా నడుముకి చుట్టుకున్నారు. ఇంజనీరు కూడా తలమీది టోపీ తీశాడు. ఎవరో కర్పూరం వెలిగించారు. వెనక నుంచి “గోవిందా!” అని కేక.

“దణ్ణాలు కాదు బావా!” అని అరిచాడు సింహాచలం. “ఆపండి! లారీ ఆపండి! ఎల్డింగు నెర్రిచ్చీసింది!”

నాయుడుగారు కళ్ళు తెరిచారు. చేతులు జోడించే ఉన్నాయి. “ఎవుడ్రా? ఏ ఎదవ సేసినాడ్రా ఆ ఎల్డింగు?”

సింహాచలం మీసం కిందికి జారింది. అప్పుడు అప్పారావు, నాయుడుగారికి ఎన్నడూ ఎదురుచెప్పని అప్పారావు, చెయ్యి ఎత్తి గోడ చూపించాడు.

“ఎవుడు అని కాదండి. ఎందుకు అని.”

నాయుడుగారు గోడ చదువుకున్నారు. రాయించింది ఆయన డబ్బుతోనే. ఇంజనీరు చూస్తున్నాడు. ఆయన కండువా విప్పి భుజాన వేసుకున్నారు. “సరే. ఎందుకు?”

“రాడ్డు సెమ్మగిల్లిందండి” అన్నాడు సింహాచలం. “తడి రాడ్డుతో అతికితే లోపల పగులిచ్చీసుద్ది.”

“ఎందుకు సెమ్మగిల్లింది?”

“గొడౌను కారతందండి.”

“ఎందుకు కారతంది?”

సరిగ్గా అప్పుడు టీ వచ్చింది. గ్లాసుల చప్పుడుకి నలుగురైదుగురు అలవాటుగా లేవబోయారు. “టీ ఆగమను!” అని సింహాచలం అరిచిన అరుపుకి టీ కొట్టు మనిషి గేటు బయటికి వెళ్ళిపోయాడు. “పైరేకుకి సిల్లండి.”

“మరి ఎందుకు మార్చనేదు?”

“మీ బావమరిదిగారు ఒద్దన్నారండి.”

నాయుడుగారి మొహం ఎర్రబడింది. అయినా ఊపులో నోరు ఆగలేదు. “ఎందుకు ఒద్దన్నాడు?”

“అది మాకు తెల్దండి” అన్నాడు సింహాచలం వినయంగా. “అయిదోది మీరింటికెల్లి అమ్మగారినడగాల.”

ముందు నవ్వింది ఇంజనీరు. తర్వాత ఎవరూ ఆగలేకపోయారు. నాయుడుగారు నవ్వలేదు, తిట్టనూ లేదు. చెప్పులేసుకుని తిన్నగా గొడౌనులోకి నడిచారు. బయటికొచ్చేసరికి, రాత్రి వాననీళ్ళు ఇంకా కారుతున్నాయేమో, ఆయన నెత్తి తడిసి ఉంది. లారీ ఖాళీగా వెళ్ళింది. అన్ని టబ్బుల చెవుల దగ్గరా రంగు గీకి చూస్తే ఇంకో రెండింటికి నెర్రెలు దొరికాయి. రాహుకాలమంతా గీకుతూనే ఉన్నారు. నేను సెలవు తీసుకునే వేళకి గొడౌను మీద ఇద్దరు కొత్త రేకు బిగిస్తున్నారు. అప్పారావు గంట మీది బంతిపూల దండ తీసి పక్కన పెట్టి, మళ్ళీ ఏమనుకున్నాడో ఏమో, కళ్ళకద్దుకున్నాడు.

గేటు దాకా సాగనంపడానికి సింహాచలం వచ్చాడు.

“మీరూ సూసినారు గదండీ? మీరు సూడడం నాను సూసినాను. మరెందుకు సెప్పనేదు?”

ఇక అబద్ధం చెప్పడానికి నాకు కారణం మిగల్లేదు. “చెబితే నా కుర్చీ పోతుందని.” జరిగిందంతా చెప్పాను, సిగ్గేసింది.

“ఓర్నాయనో” అన్నాడు మీసం దువ్వుకుంటూ. “నాకు మీసం పోద్దని బయమేసింది. మీకు కుర్చీయా?”

మళ్ళీ బెజవాడ

రైల్లో దారి పొడుగునా ‘కార్ఖానా కాదు, గుడి’ అన్న వాక్యాన్ని నూరుకుంటూనే వచ్చాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పసుపు నిజం, కుంకుమ నిజం, గోవింద నిజం. ప్రొప్రయిటరు గారు చక్కెర లేని కాఫీ చప్పరిస్తూ అడిగారు.

“పనిచేస్తుందా?”

నోరు తెరిచాను. ఆ తలవెంట్రుకంత నెర్రె కళ్ళ ముందు ఆడింది.

“పనిచేస్తుంది సార్. గంట మాత్రం వద్దు, దణ్ణం పెడతారు. హారన్ పెడదాం.”

బస్సులు కట్టే షెడ్డులో హారన్లకి కరువా? నల్ల రబ్బరు బుడ్డి ఉన్నది ఒకటి షెడ్డు మధ్య స్తంభానికి కట్టాం. గోడ మీద ఆ రెండు వాక్యాలు నేనే దగ్గరుండి రాయించాను. నా కుర్చీ గేటు దగ్గర వాచ్‌మన్ కోటయ్యకి వెళ్ళింది. నేను సుద్దముక్కతో షెడ్డంతా తిరుగుతూ, ఎవరి పని వాళ్ళు ఎలా చూసుకోవాలో చెప్పే ఉద్యోగంలోకి మారాను. కాళ్ళు లాగుతున్నాయి. మా ఆవిడ బాధ పడలేదు.

రోజులు గడిచాయి, హారన్ ఎవరూ నొక్కలేదు. ప్రొప్రయిటరు గారు రోజూ దాని కింద నిలబడి వెళ్తున్నారు. నాకు అప్పారావు మొహం గుర్తొచ్చేది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, పాం పాం అని షెడ్డు అదిరిపోయింది. సుత్తులు ఆగాయి. అందరికంటే ముందు పరుగెత్తింది నేను.

హారన్ కింద కోటయ్య. నెత్తి మీద కుర్చీ.

“ఈ కుర్చీకి ఓ కాలు పొట్టండీ. కూర్చుంటే ఊగుతోంది.”

ప్రొప్రయిటరు గారు వచ్చారు. “ఎందుకు ఊగుతోంది?”

“కింద అట్టముక్క ఉండేదండీ. నిన్న వానకి నానిపోయింది.”

ఒక వడ్రంగి నవ్వుతూ కుర్చీ బోర్లించి, కాలికి చెక్కముక్క అతికి, రెండు మేకులు కొట్టి నిలబెట్టాడు. చుట్ట వెలిగించేంత సేపు పట్టలేదు. కోటయ్య కూర్చుని చూశాడు. కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఇన్నేళ్ళూ దీని కింద అట్టముక్క పెట్టింది ఎవ...” అని మొదలుపెట్టారు ప్రొప్రయిటరు గారు. నా వంక చూశారు. గోడ వంక చూశారు. నోరు మూసుకున్నారు.

గోడ మీద అక్షరాలు కాస్త పెద్దవిగా రాయించడం మంచిదైంది.